వీధి మలుపులో పాట

ఆదివారం సాయంత్రం ఎండ తగ్గుముఖం పట్టగానే వెల్డింగ్ మేస్త్రి స్పీకరు పెట్టెను తోపుడుబండి మీద పెట్టుకుని వీధి మలుపు దగ్గరికి బయల్దేరేవాడు. వెనకాల ఆయన భార్య చేతిలో కంజీరతో, భుజాన కరపత్రాల సంచితో నడిచేది. ఆవిడ పసిపిల్లల కేంద్రంలో ఆయా. వారమంతా పిల్లల ఏడుపులు వినే మనిషి కనక మొగుడి గొంతు ఆవిడకు పెద్ద ఇబ్బందిగా అనిపించేది కాదు. వాళ్లతో వచ్చే మూడో మనిషి సిటీ బస్సు డ్రైవరు. చర్చి సంఘంలో చిన్నాపెద్దా అందరూ ఆయన్ని హారనన్న అంటారు. ఆ పేరు బస్సు వల్ల వచ్చిందో గొంతు వల్ల వచ్చిందో ఎవరూ తేల్చి చెప్పలేదు.

ఆ మలుపులో ఒక పాత భవనం ఉంది. కింద మందుల షాపు, దాని పక్కన ఫోన్లు బాగుచేసే కొట్టు. భవనం గోడకు ఆనుకుని చెప్పులు కుట్టే పెద్దాయన తన చెక్కపెట్టె ముందు వేసుకుని కూర్చునేవాడు. ఎదురుగా బస్టాపు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఎక్కడికీ పారిపోలేరు కాబట్టి సువార్త చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదని మేస్త్రి నమ్మకం.

చెప్పేది మాత్రం మనస్ఫూర్తిగా చెప్పేవాడు. ఒకప్పుడు షెడ్డులో గ్యాసు అంటుకుని వీపు కాలి, ఆసుపత్రిలో బోర్లా పడుకుని ఉన్న రోజుల్లో ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. మంచినీళ్లు తాగించాడు. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, పోతూ పోతూ ఒక చిన్న సువార్త పుస్తకం తలగడ కింద పెట్టి వెళ్లాడు. చదవడానికి వేరే ఏమీ లేక మేస్త్రి దాన్నే మళ్లీ మళ్లీ చదివాడు. మంచం దిగేసరికి వేరే మనిషి అయ్యాడు. "ఆయన పేరైనా అడగలేదండి నేను. అడిగుంటే వెతికి పట్టుకునేవాణ్ణి. ఆయన దొరక్క మీకు చెప్తున్నాను" అని మైకులో అంటుంటే, బస్టాపులో ఒకరిద్దరు తల తిప్పి చూసేవారు.

చిక్కల్లా పాటతోనే.

మాట అయ్యాక పాట పాడేవారు. చనిపోయిన మేస్త్రి అన్నగారు కట్టిన పాట అది.

దారి పక్కన నిలిచినవాడా,
నా పేరు పెట్టి పిలిచినవాడా.

పాట మంచిదే. మేస్త్రి గొంతు కూడా లోహపు రేకులా గట్టిది. కానీ రెండూ ఒక దారిన పోయేవి కావు. రెండో పాదం దగ్గర కిందికి దిగాల్సిన రాగం ఆయన నోట్లో మేడెక్కేది. హారనన్న ఆయన్ని అందుకోబోయి ఇంకాస్త పైకి పోయేవాడు. ఇద్దరి మధ్య ఎటు పోవాలో తెలియక భార్య కంజీరను గట్టిగా కొట్టేది. ఫోన్ల కొట్టాయన సగం షట్టరు దించేవాడు. చెప్పులాయన వాళ్లకు వీపు పెట్టి కూర్చునేవాడు. లోకం మనసు ఎంత బిగుసుకుపోయిందో చూడు అనుకుని మేస్త్రి గొంతు మరి కాస్త పెంచేవాడు. తిరిగి ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం ఎంతో తృప్తిగా వెళ్లేవాడు.

ఒక ఆదివారం పాట సగంలో ఉండగా మొదటి అంతస్తు కిటికీ తెరుచుకుంది. నెరిసిన జుట్టును బిగించి ముడి వేసుకున్న ఒక పెద్దావిడ కిటికీ చువ్వల మీద గరిటెతో టంగుటంగున కొట్టింది. మేస్త్రి పాడుతూనే ఉన్నాడు. భార్య ఆయన మోచెయ్యి పట్టి లాగింది.

"పైన ఎవరో పిలుస్తున్నారండి."

మేస్త్రి తలెత్తాడు. ఆవిడ ఏదో అంటోంది. పైకి రమ్మని చేత్తో సైగ చేస్తోంది. మేస్త్రి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లలో ఆ వీధిలో వాళ్లను ఇంట్లోకి రమ్మన్నవాళ్లు లేరు.

"ప్రార్థన చెయ్యమంటున్నట్టుంది. నువ్వూ రా" అని మైకు హారనన్న చేతిలో పెట్టి మెట్లెక్కాడు.

మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉన్నాయి. పట్టుకోవడానికి గోడ తప్ప ఏమీ లేదు. పైన గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది. ఒక మంచం, ఒక బల్ల, కిటికీ పక్కన గుడ్డ కప్పిన కీబోర్డు. గోడ నిండా బడిపిల్లల ఫోటోలు. ప్రతి ఫోటోలోనూ పిల్లలు నోళ్లు తెరిచి పాడుతున్నారు. పక్కన ఈవిడే చెయ్యెత్తి నిలబడి ఉంది.

"కూర్చోండి" అంది పెద్దావిడ.

మేస్త్రి కూర్చోకుండానే కళ్లు మూసుకున్నాడు. "దేని గురించి ప్రార్థన చెయ్యమంటారమ్మా?"

"పాట గురించి."

"ఏ పాట?" అన్నాడు ఒక కన్ను తెరిచి.

"మీ పాటే. నేను బళ్లో సంగీతం చెప్పి రిటైరైన మనిషిని. ఆదివారం వస్తోందంటే నాకు గుండెదడ. మీ దేవుణ్ణి మీరు ఎంతసేపైనా పొగుడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ రెండో పాదంలో పిలిచినవాడా అన్నచోట కిందికి రావాలి. మీరు పైకి పోతున్నారు. అక్కడికి వచ్చేసరికి ప్రతివారం నేను మంచంకోడు పట్టుకుంటున్నాను."

మేస్త్రి భార్య వంక తిరిగాడు. "ఏమంటున్నారు?"

"పాట సరిగ్గా రావట్లేదంటున్నారు" అంది భార్య, తల వంచుకుని, వస్తున్న నవ్వును పంటి కింద నొక్కిపెట్టి.

"మీ పాటలో ఆయన పిలిచాడు కదా" అంది టీచరమ్మ. "పిలవడమంటే ఇలా ఉంటుంది." అని ఆ ఒక్క పాదం పాడింది. గొంతులో వయసు తెలుస్తోంది కానీ స్వరం వెంట్రుకవాసి కూడా పక్కకు పోలేదు. భార్యకు నవ్వు ఆగిపోయింది.

"మా బావగారు అచ్చం ఇలాగే పాడేవారు" అంది మెల్లగా.

"అయితే ఆయనకి తెలుసు. పాట ఎటు పోవాలనుకుంటోందో వినేవాళ్లకి తెలిసిపోతుంది. దాన్ని మీరు పోనివ్వట్లేదు, అంతే."

మేస్త్రికి చిన్నతనంగా అనిపించింది. "దేవుడు గొంతు చూడడమ్మా, మనసు చూస్తాడు" అన్నాడు.

"చూస్తాడేమో. వినేది మాత్రం మేం కదా" అంది టీచరమ్మ.

ఆ సాయంత్రం మేస్త్రి ఇంకో పాట పాడలేదు. స్పీకరు సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. రాత్రి భోంచేస్తూ, "ప్రార్థనకి పిలిచిందనుకుంటే పరీక్ష పెట్టింది" అన్నాడొకసారి. భార్య మనసులో ఆ ఒక్క పాదమే తిరుగుతోంది.

మర్నాడు పని నుంచి వస్తూ ఆవిడ ఒక్కతే ఆ మెట్లెక్కింది. తర్వాత రోజూ ఎక్కింది. టీచరమ్మ కీబోర్డు మీది గుడ్డ తీసి ఆవిడ చేత పాడించింది. తప్పు పాడినప్పుడు తిట్టలేదు. ఒక వేలు పైకెత్తి ఆపి, "మళ్లీ" అనేది. అంతకుమించి ఒక్క మాట ఉండేది కాదు. పాట అయ్యాక ఇద్దరూ టీ పెట్టుకుని తాగేవారు. భర్త పోయినప్పటి నుంచి, మోకాళ్లు మొరాయించినప్పటి నుంచి టీచరమ్మ కిందికి దిగలేదని అప్పుడే తెలిసింది. కావలసిన సరుకులకు కిటికీలోంచి తాడు కట్టిన బుట్ట దించితే మందుల షాపాయన వేసి పంపుతాడు.

"ఈ బుట్ట నాకంటే ఎక్కువ తిరిగింది" అని టీచరమ్మ నవ్వింది.

వచ్చిన ఆదివారం పాట మొదలవగానే భార్య రెండో పాదాన్ని కిందికి దించింది. మేస్త్రి ఎప్పటిలా పైకి పోయాడు. హారనన్న ఎటు పోవాలో తేలక మధ్యలో ఆగి దగ్గాడు. పై కిటికీలోంచి చప్పట్లు వినిపించాయి, ఒక్క మనిషివే. అవి ఎవరికో హారనన్నకు అర్థమైంది.

"వదినా, నువ్వు ఆవిడ దగ్గర నేర్చుకుంటున్నావా?" అన్నాడు ఇంటిదారిలో. "నమ్మని మనిషి దగ్గర దేవుడి పాట నేర్చుకోవడమేంటి? అన్నా, నువ్వైనా చెప్పు."

మేస్త్రి కూడా ఆ మాటే అన్నాడు. ఇద్దరూ కలిసి పాస్టరుగారి దగ్గరికి వెళ్లారు. పాస్టరుగారు వయసులో వాళ్లకంటే చాలా చిన్న. సాంతం విని, హారనన్న వైపు తిరిగాడు.

"మీ బస్సుకి బ్రేకులు చూసే మెకానిక్ మన సంఘంవాడేనా?"

"కాదండి."

"బ్రేకులు పడుతున్నాయా?"

"పడకేం, బ్రహ్మాండంగా పడుతున్నాయి."

"మరింకేం" అని లేచి వెళ్లిపోయాడు.

అలా ఆ బుధవారం సాయంత్రం ముగ్గురూ మేడ మీద ఉన్నారు. మేస్త్రి అయిష్టంగానే వచ్చాడు. చేతులు కట్టుకుని, బడికి బలవంతాన తెచ్చిన పిల్లాడిలా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. టీచరమ్మ కీబోర్డు మీద ఒక స్వరం నొక్కి, "ఇది అను" అంది. ఆయన అన్నాడు, సరిగ్గానే అన్నాడు. ఇంకొకటి నొక్కింది. అదీ వచ్చింది. మూడోది బాగా పైది నొక్కి ఆయన మొహంలోకి చూసింది.

మేస్త్రి ఎదురుచూస్తున్నాడు. "నొక్కండమ్మా" అన్నాడు.

హారనన్నా, భార్యా మొహమొహాలు చూసుకున్నారు. టీచరమ్మ మొహంలో ఏమీ మారలేదు.

"మేస్త్రీ, అటు గోడవైపు తిరుగు. నీకు చప్పుడు వినబడినప్పుడల్లా చెయ్యెత్తు."

ఆయన తిరిగాడు. ఆవిడ కింది స్వరాల నుంచి ఒక్కొక్కటే పైకి వెళ్లింది. ఆయన చెయ్యి లేస్తూ, దిగుతూ ఉంది. కొంతదూరం పోయాక లేవడం మానేసింది. ఆవిడ ఇంకా నొక్కుతూనే ఉంది. గది సన్నటి స్వరాలతో నిండిపోయింది. మేస్త్రి మాత్రం రెండు చేతులూ కిందికి వేలాడేసి, ఎప్పుడు మొదలుపెడతారా అన్నట్టు గోడను చూస్తూ నిలబడ్డాడు.

టీచరమ్మ దగ్గరికి వెళ్లి ఆయన భుజం తట్టి ఇటు తిప్పింది. ఆయనకు పెదాలు కనిపించేలా ఎదురుగా నిలబడి చెప్పింది.

"తప్పు నీ గొంతులో లేదు, చెవుల్లో ఉంది. షెడ్డులో గ్రైండరు ఎప్పట్నుంచి ఆడిస్తున్నావ్?"

"పెళ్లికి ముందు నుంచి."

"చెవులకి ఏమైనా పెట్టుకుంటావా?"

"కళ్లకి అద్దాలు పెట్టుకుంటాను" అన్నాడు మేస్త్రి.

ఎవరూ నవ్వలేదు. ఆవిడ గ్లాసులో మంచినీళ్లు పోసి ఇచ్చింది. "పై స్వరాలు నీకు వినబడట్లేదు. అందుకని దిగాల్సినచోట పైకి పోతున్నా నీకు తెలియట్లేదు. తెలియక చేసిన దానికి నేను ఇన్నాళ్లూ నిన్ను తిట్టుకున్నాను. నా మీద కోపం పెట్టుకోకు."

ఇంటికి నడుస్తూ మేస్త్రి సగం దారిలో ఆగి, భార్యకు ఎదురుగా తిరిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"పక్కింటివాళ్లకి కూడా తెలుసు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పాను. మీకు వినబడలేదు."

అప్పుడు హారనన్న నవ్వాడు, మేస్త్రి కూడా నవ్వాడు. కానీ రెండడుగులు వేశాక మళ్లీ ఆగిపోయాడు.

"అయితే వీధిలో జనం నాతో ఏమైనా అంటే, అదీ వినబడలేదా?"

భార్య సంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తోందని తెలుస్తూనే ఉంది. చివరికి చెప్పింది.

"ఆ చెప్పులాయన ఉన్నాడు కదా. మొన్న వానల్లో మీరు కాగితం ఇస్తే, కూతుర్ని ఆసుపత్రిలో చేర్చామని, డాక్టర్లు ఏ మాటా చెప్పట్లేదని మీతో అన్నాడు. మీరు ఆయన భుజం తట్టి, చాలా సంతోషం, దేవుడికి స్తోత్రం, అలాగే ముందుకు సాగండి అన్నారు."

మేస్త్రి అక్కడే మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కూర్చుండిపోయాడు.

"నేను వెనక్కి వెళ్లి సర్దిచెప్పబోయాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. ఇంటికొచ్చి మీకు చెప్తే సరే సరే అన్నారు. ఏం విన్నారో మరి."

ఆ పూట మేస్త్రి అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాడు. పొద్దున్నే షెడ్డుకు పోకుండా నేరుగా మలుపు దగ్గరికి వెళ్లాడు. చెప్పులాయన అప్పుడే పెట్టె తెరిచి దారానికి మైనం రాస్తున్నాడు. మేస్త్రిని చూసి, మైకు లేకుండా వచ్చాడేమిటా అన్నట్టు వెనక్కి తొంగి చూశాడు.

మేస్త్రి ఎదురుగా నేల మీద గొంతుకూర్చున్నాడు.

"పెద్దాయనా, నాకు చెవులు సరిగ్గా వినబడవు. నిన్ననే తెలిసింది. మీరు ఆవేళ బిడ్డ గురించి చెప్పిన మాట నాకు వినబడలేదు. ఏదో అనేశాను. తప్పైపోయింది. కాస్త గట్టిగా చెప్పండి, బిడ్డ ఎలా ఉంది?"

చెప్పులాయన దారం పక్కన పెట్టాడు. ఆయన చేతులు ఖాళీగా ఉండటం మేస్త్రి అదే మొదటిసారి చూడటం.

"బానే ఉంది. లేచి తిరుగుతోంది. బట్టల కొట్లో పని చేస్తోందిప్పుడు." ఈసారి గట్టిగా అన్నాడు. "నీకే ఎందుకు చెప్పానో తెలుసా? నువ్వు మైకులో చెప్తావు కదా, ఆసుపత్రిలో ఎవరో వచ్చి నీ మంచం పక్కన కూర్చున్నాడని. మా పిల్ల దగ్గరికి నువ్వూ అలాగే వస్తావేమో అనుకున్నాను. నువ్వేమో సంతోషం అన్నావు. వీడికి పిచ్చైనా ఉండాలి, రాయైనా అయ్యుండాలి అనుకున్నాను."

మేస్త్రి కళ్లు తుడుచుకున్నాడు. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పిన సంగతి అది. విన్నవాడు ఒకడు ఉన్నాడు, వాడు తన చెయ్యి పట్టుకోబోయాడు.

"ఇప్పుడు రావచ్చా?" అని అడిగాడు.

"ఇప్పుడెందుకు? బానే ఉందన్నాగా."

"ఊరికే. ఇక్కడే కూర్చుంటాను కాసేపు."

చెప్పులాయన ఆయన్ని ఎగాదిగా చూసి, పెట్టెను కాస్త పక్కకు జరిపి, కూర్చునే గోనెపట్టా పరిచాడు. "కూర్చో మరి. ఆ ఎడమ చెప్పు ఇటివ్వు, అంచు లేచిపోయింది."

ఎండెక్కేదాకా మేస్త్రి అక్కడే కూర్చున్నాడు. ఆయన ఒక్క వాక్యం కూడా బోధించలేదు. ఒక చెవి వెనక చెయ్యి ఆనించి పెట్టుకుని, కూతురి గురించి, ఆసుపత్రిలో గడిపిన రోజుల గురించి, అంతకుముందు చేసిన పనుల గురించి చెప్పులాయన చెప్పినవన్నీ విన్నాడు. వినబడనిచోట మళ్లీ అడిగాడు. షెడ్డుకు ఆలస్యమైంది. అయినా మనసు తేలిగ్గా ఉంది.

తర్వాత పెద్దాసుపత్రిలో చెవుల డాక్టరుకు చూపించుకున్నాడు. పోయింది పోయిందేనని, ఉన్నది కాపాడుకోమని చెప్పి డాక్టరు ఒక చెవిమిషను రాసింది. దాన్ని పెట్టుకుని బయటికి వచ్చిన మేస్త్రి మెట్ల మీదే నిలబడిపోయాడు. చెట్టు మీద ఏవో పిట్టలు అరుస్తున్నాయి. ఎవరో సంచి లాగుతున్నారు. పక్కన భార్య గాజులు. ఇంటికి వచ్చాక తలుపు కిర్రుమంటోందని కనిపెట్టి నూనె వేశాడు. తను గిన్నెలు ఎంత మోత చేస్తూ పెడతాడో తెలిసి సిగ్గుపడ్డాడు. భార్య వంటింట్లో తనలో తాను సణుక్కోవడం విని, "ఏంటి, నా గురించేనా?" అన్నాడు. ఆవిడ ఉలిక్కిపడింది. "ఇంక నాకు ఇంట్లో స్వేచ్ఛ లేదన్నమాట" అని టీచరమ్మతో చెప్పుకుని నవ్వింది. షెడ్డులో గ్రైండరు ఆడించేటప్పుడు మిషను తీసి, చెవులకు మందపాటి కప్పులు పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు.

మిషను వచ్చాక మొదటి ఆదివారం స్పీకరు పెట్టి నోరు తెరిచిన మేస్త్రి ఒక్క మాటకే ఆగిపోయాడు.

"హారనన్నా, ఇది ఎప్పుడూ ఇంత గట్టిగా ఉంటుందా?"

"ఇంకా ఎక్కువే ఉంటుందన్నా. ఇవాళ బ్యాటరీ వీకు."

మేస్త్రి మీట సగానికి తగ్గించాడు. మామూలు మనిషి మామూలు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడాడు. పాట వచ్చేసరికి తాను నోటిలోనే గొణుగుతూ, పాదం ఎత్తుకోవడం భార్యకు వదిలేశాడు. 'పిలిచినవాడా' అన్నచోట ఆవిడ గొంతు మెల్లగా దిగింది. ఆ దిగడం మేస్త్రికి వినబడింది. చనిపోయిన అన్నగారి గొంతు విన్నట్టే అయింది ఆయనకు. ఫోన్ల కొట్టాయన షట్టరు దించలేదు. బస్సు వచ్చినా ఒకావిడ ఎక్కకుండా పాట అయ్యేదాకా ఉండి, తర్వాతి బస్సులో వెళ్లింది.

టీచరమ్మ పాఠం చెప్తూ ఒకరోజు కిటికీలోంచి చూసి, "ఆ ఎదురు వీధి చివర ఇదివరకు ఒక పార్కు ఉండేది. ఉందో లేదో" అంది. అడిగినట్టు కాదు, ఊరికే అంది. మేస్త్రి విన్నాడు. ఇప్పుడు ఇలాంటివి వినబడుతున్నాయి ఆయనకు.

"దిగి చూసి రావచ్చు కదమ్మా."

"ఎక్కడం నయమే. దిగడమే కష్టం. పట్టుకోడానికేమీ లేదు. ఒకసారి మధ్యలో ఆగిపోయి, ముందుకీ వెనక్కీ పోలేక ఏడ్చాను. ఎవరూ చూడలేదనుకో."

దిగేటప్పుడు మేస్త్రి జేబులోంచి టేపు తీసి గోడ కొలుచుకున్నాడు. ఇంటి యజమానిని అడిగి సరే అనిపించుకున్నాడు. ఇనప గొట్టాన్ని వంచి, చెయ్యి ఆగే చోటల్లా నునుపుగా అరగదీసి, టీచరమ్మ పిడికిలికి సరిపోయేలా సన్నంగా చేశాడు. బస్సు డ్యూటీ లేని పూట హారనన్న డ్రిల్లు పట్టుకున్నాడు. ఇద్దరూ మెట్ల పొడుగునా గోడకు కమ్మీ బిగించి, తెల్ల రంగు వేశారు. రంగు ఆరేదాకా ముట్టుకోవద్దని చెప్పినా టీచరమ్మ పైనుంచి వంగి ఒక వేలు అంటించుకుంది.

మర్నాడు మేస్త్రి కింది మెట్టు దగ్గర, భార్య పై మెట్టు దగ్గర నిలబడ్డారు. టీచరమ్మ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. మధ్యలో, అప్పుడు ఆగిపోయిన చోటే కాబోలు, నిలబడి ఊపిరి పీల్చుకుంది.

"మేస్త్రీ, నన్ను మీ సంఘం లెక్కలో వేసుకుంటావేమో. ముందే చెప్తున్నాను. నేను మీ పాటకి దిగుతున్నాను, అంతవరకే."

"లెక్కలు నా పని కాదమ్మా. నేను కమ్మీ బిగించేవాణ్ణి" అన్నాడు మేస్త్రి.

ఆవిడ ఇంకో రెండు మెట్లు దిగింది. "నా కోసం ప్రార్థన చేస్తున్నావని మీ ఆవిడ చెప్పింది. ఏమని చేస్తున్నావ్?"

"మోకాళ్లు బాగుపడాలని."

"కుడిది చాలు. ఎడమది నాతో బానే ఉంటోంది" అంది. మరో మెట్టు దిగాక, ఎటో చూస్తూ అడిగింది. "మా ఆయన గురించి కూడా చేస్తావా? పోయినవాళ్లకి చేస్తారో లేదో మీలో. నాకు తెలీదు."

మేస్త్రి కాసేపు ఆలోచించాడు. "మీ గురించి చేసేటప్పుడు ఆయన్ని తలుచుకుంటానమ్మా. ఆయన్ని మీకిచ్చినందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్తాను."

టీచరమ్మ తల ఊపింది. ఆ తర్వాత మెట్లు ఆగకుండా దిగేసింది.

ఆదివారం సాయంత్రం చెప్పులాయన తన పెట్టె పక్కన ఆవిడకు కుర్చీ వేశాడు. మందుల షాపాయన బయటికి వచ్చి, తాను ఎవరికి బుట్టలో సరుకులు వేసి పంపుతున్నాడో ఆవిడను ఇన్నాళ్లకు దగ్గరగా చూసి పలకరించాడు. మేస్త్రి కాసేపు మాట్లాడాడు. మధ్యలో బస్టాపులోంచి ఒక నడివయసు మనిషి, చేతిలో పనిముట్ల సంచితో, ఏదో అన్నాడు. మేస్త్రి వెంటనే మైకు ఆపి హారనన్నకు ఇచ్చి, రోడ్డు దాటి ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టుకుని మాట్లాడుకోవడం, ఎక్కువగా ఆ మనిషే మాట్లాడటం అందరికీ కనిపిస్తోంది. ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్లిపోయింది.

ఇవతల హారనన్న గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు. రెండో పాదంలో కొంచెం పక్కకు పోయాడు కానీ తనే తెలుసుకుని వెనక్కి వచ్చాడు. టీచరమ్మ వేలు సగం లేచి ఆగిపోయింది.

"పద, ఆ పార్కు సంగతి చూసొద్దాం" అంది మేస్త్రి భార్యతో.

ఆవిడ కంజీరను చెప్పులాయన చేతికిచ్చి, టీచరమ్మ జబ్బ పట్టుకుంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన సుత్తి పట్టినంత జాగ్రత్తగా పట్టుకుని కొట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరాడవాళ్లూ మెల్లగా నడుచుకుంటూ ఎదురు వీధిలోకి తిరిగారు. పార్కు ఉంది. గేటు రంగు మారింది, బెంచీలు కొత్తవి. పిల్లలు బంతి ఆడుకుంటున్నారు. మొదటి బెంచీ మీద కూర్చుని టీచరమ్మ కుడి మోకాలు రాసుకుంటూ చెవి యొగ్గింది. ఇళ్ల మీదుగా పాట సన్నగా వస్తోంది.

"ఇక్కణ్ణుంచి వింటే బాగుంది" అంది.